పప్పు గరిట అడుగుదాకా దించమను

ప్రశ్న: మేడమ్, నేను మేడ్చల్ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో బీటెక్ రెండో ఏడాది చదువుతున్నాను. మాది పల్నాడు, ఇక్కడ హాస్టల్లో ఉంటాను. మెస్‌లో ఏడాది పొడుగునా ఒకటే మెనూ. పొద్దున ఒకరోజు ఇడ్లీ, ఒకరోజు ఉప్మా, ఒకరోజు పొంగల్, మధ్యలో పూరీ, మైసూర్ బోండా. మధ్యాహ్నం అన్నం, నీళ్లలాంటి పప్పు, ఒక వేపుడు, సాంబారు, పెరుగు. రాత్రి కూడా దాదాపు అంతే, వారంలో రెండు రోజులు చపాతీ, బుధవారం గుడ్డు, ఆదివారం చికెన్. చూస్తేనే తినబుద్ధి కాదు. టిఫిన్ చాలాసార్లు మానేస్తాను. రాత్రి నూడుల్స్‌తోనో, ఆర్డర్ పెట్టుకున్న ఫ్రైడ్ రైస్‌తోనో కానిచ్చేస్తాను. ఈమధ్య ఊరికే అలసట వస్తోంది, జుట్టు బాగా రాలుతోంది. అమ్మకి ఒకటే టెన్షన్. రూములో స్టవ్ పెట్టనివ్వరు, కెటిల్ కనబడితే వార్డెన్ తీసుకెళ్లిపోతారు. బయట రూము తీసుకునే స్తోమత మాకు లేదు. ఈ మెస్‌తోనే సరిగ్గా తినే దారి ఏమైనా ఉందా? (పేరు వద్దు)

సమాధానం:

అమ్మాయీ, తిండి సంగతికి వచ్చే ముందు నువ్వు ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. రక్తపరీక్ష చేయించుకో. అలసట, జుట్టు రాలడం అని రాశావు గనక చెబుతున్నా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అంటే మీ మెస్ బల్ల దగ్గర నీకు అటూ ఇటూ కూర్చున్న వాళ్లకీ ఉండొచ్చు. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ వస్తే డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు వేసుకోవాల్సిందే, అంత లోటు తిండి ఒక్కదానితో త్వరగా పూడదు. పనిలో పనిగా థైరాయిడ్ కూడా చూపించుకో. అప్పటిదాకా షాంపూలు మార్చడం, ఆన్‌లైన్లో బయోటిన్ మాత్రలు కొనడం ఆపు.

ఇక మెస్. నీ మెనూ రెండుసార్లు చదివాను. నువ్వు అనుకున్నంత దరిద్రంగా ఏమీ లేదు. పప్పుంది, పెరుగుంది, సాంబారుంది, గుడ్డుంది, పొంగల్ ఉంది. తేడా ఎక్కడంటే పాళ్లలో. మెస్ నడిపేవాళ్లకి అన్నిటికంటే చవక బియ్యం, ఖరీదైనవి పప్పు, పాలు, కూరగాయలు. అందుకని అన్నం కుప్ప పోస్తారు, పప్పులో నీళ్లు పోస్తారు, కూర చెంచాతో వేస్తారు. నువ్వు కంచం పట్టుకుని లైన్లో నడుచుకుంటూ వెళ్లిపోతే నీ భోజనం ఎలా ఉండాలో వాళ్ల ఖర్చు లెక్కే నిర్ణయిస్తుంది. ఆ లెక్కని కొంచెం నీ వైపు తిప్పుకోవాలి. దానికి స్టవ్ అక్కర్లేదు, కాస్త నోరుంటే చాలు.

ముందు పప్పు సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు బలమంతా అక్కడే ఉంది. పెద్ద గిన్నెలో పప్పు కాసేపు కదలకుండా ఉంటే చిక్కటిదంతా అడుక్కి దిగుతుంది, పైన పసుపు నీళ్లు తేలతాయి. వడ్డించే అతను వందమందికి వేయాలి కాబట్టి గరిట పైపైనే ముంచుతాడు. నీకు వచ్చేది ఆ తేట. కాబట్టి, ‘అన్నా, ఒక్కసారి కలిపి, గరిట అడుగుదాకా దించి వెయ్యన్నా’ అని అడుగు. నవ్వుతూ అడుగు, రోజూ అడుగు. వారం తిరిగేసరికి నువ్వు కనపడగానే తనే కలుపుతాడు. సాంబారుకీ ఇదే మాట. ముక్కలన్నీ అడుగునే ఉంటాయి. సొరకాయో, ములక్కాడో, క్యారెట్టో నాలుగు ముక్కలు గిన్నెలో పడితే అదో కూర కింద లెక్క.

రెండోది వరస. అన్నం ఎన్నిసార్లు అడిగినా పెడతారు, కూర రెండోసారి అడిగితే మొహం అదోలా పెడతారు. కాబట్టి ముందే అన్నంతో కంచం నింపుకోకు. ఒక స్టీలు గిన్నె నీదే పెట్టుకో, మరీ చిన్నది కాకుండా. అందులో రెండు గరిటెల పప్పు. కంచంలో సగం దాకా కూర, వేపుడు, పచ్చి ఉల్లిపాయ, కీరా ఏది దొరికితే అది. మిగిలిన చోట అన్నం. చాలకపోతే అన్నానికి మళ్లీ వెళ్లొచ్చు, అది ఎక్కడికీ పోదు. మనవాళ్లకి పప్పంటే అన్నం తడపడానికి వాడే వస్తువు. నువ్వు మాత్రం పప్పే ఎక్కువ, అన్నమే తక్కువ అన్నట్టు కలుపుకో. మొదట్లో వింతగా ఉంటుంది, నాలుగు రోజులకి అదే రుచి అవుతుంది.

ఎందుకింత పట్టు అంటే, హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 55 కిలోల అమ్మాయికి రోజుకి 46 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. వండిన అన్నం వంద గ్రాములు తింటే అందులో ప్రొటీన్ మూడు గ్రాములు కూడా ఉండదు. గుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది, గుప్పెడు పల్లీల్లో ఏడు. చిక్కటి పప్పు ఒక గిన్నెడు తింటే ఏడెనిమిది వస్తుంది, అదే తేట అయితే అందులో మూడో వంతు కూడా రాదు. నువ్వు టిఫిన్ మానేసి, మధ్యాహ్నం చారన్నం తిని, రాత్రి నూడుల్స్‌తో సరిపెట్టిన రోజున 46లో సగం కూడా అందినట్టు లేదు. అలసట రాక ఏమొస్తుంది చెప్పు?

ఐరన్ సంగతి ఇంకా గట్టిది. మీ వయసు ఆడపిల్లలకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలని అదే సంస్థ చెబుతోంది, మగపిల్లలకి 19 చాలు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ మన ఒంటికి అంత తేలిగ్గా పట్టదు. దాన్ని పట్టించడానికి రెండు పనులున్నాయి. ఒకటి నిమ్మకాయ. మెస్‌కి వెళ్లేటప్పుడు ఒక నిమ్మచెక్క చిన్న డబ్బాలో వేసుకెళ్లు. తోటకూర పప్పు రోజున, పాలకూర పప్పు రోజున కంచంలోనే పిండుకో. వండేటప్పుడు వేస్తే విటమిన్ సి వేడికి చాలావరకు పోతుంది, ఇలా తినే ముందు పిండుకుంటే దక్కుతుంది. నీరసంగా ఉన్న మెస్ పప్పుకి కాస్త ప్రాణం కూడా వస్తుంది. జామకాయల కాలంలో భోజనం అవగానే ఒక కాయ తింటే ఇంకా మేలు, జామలో ఉన్నంత విటమిన్ సి నిమ్మలో కూడా లేదు.

రెండోది టీ. మీ హాస్టల్లో టిఫిన్ పక్కనే టీ క్యాన్ పెట్టి ఉంటారు, అన్ని మెస్‌లలోనూ అంతే. ఇడ్లీ తింటూ టీ తాగితే అందులోని టానిన్లు ఐరన్‌ని పట్టేసుకుంటాయి. తిండికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని ఆ సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. టీ మానెయ్యమనడం లేదు. క్లాసులయ్యాక సాయంత్రం అయిదింటికి తాగు, హాయిగా తాగు.

ఇప్పుడు టిఫిన్. ఇది మానడం వల్లే నీ రోజంతా చెడుతోందని నా అనుమానం. ఇడ్లీ రోజు మానావంటే నీది పొరపాటే, ఆ వారంలో మెస్ పెట్టే మంచి తిండి అదే. పల్లీ చట్నీ ఉంటే ఇడ్లీకి సరిపడా కాదు, రెండింతలు వేయించుకో. చాలామంది అమ్మాయిలు చట్నీని అంచున అద్దుకుని వదిలేస్తారు. ఆ చట్నీలో పల్లీలుంటాయి, పుట్నాలుంటాయి. ఇడ్లీ కంటే బలమైనది ఆ చట్నీయే. పొంగల్ రోజు పేచీ లేదు, బియ్యం, పెసరపప్పు కలిసే ఉంటాయి. పూరీ, బోండా రోజున రెండు తిని ఆగు. ఆ రోజు గదిలో దాచుకున్న పల్లీలతో మిగతాది సర్దుకోవచ్చు, అది తర్వాత చెబుతాను.

అందరూ తిట్టుకునేది ఉప్మాని. పాపం దాని తప్పేం లేదు. మన దగ్గర ఉప్మాని ఒంటరిగా తినమని ఎవరూ చెప్పలేదు, పెసరట్టు లోపల పెట్టి తినమన్నారు. పెసలు, అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ తోడుంటే దానికి దీటైన టిఫిన్ లేదు. మెస్‌లో పెసరట్టు వేసే యోగం ఎలాగూ ఉండదు. అయితే పెసలు నీ గదిలో ఉండొచ్చు కదా. మొలకెత్తిన పెసలు గుప్పెడు, తరిగిన ఉల్లిపాయ, నిమ్మరసం వేడి ఉప్మా మీద వేసుకుని కలుపు. ఉప్మా వేడికి పెసలు కాస్త మెత్తబడతాయి, పచ్చివాసన తగ్గుతుంది. పెసరట్టు ఉప్మా రుచి రాదు, నేను అబద్ధం చెప్పను. కానీ ఉప్మా దినం గండం గడుస్తుంది, పదకొండింటికి క్లాసులో కళ్లు తిరగవు.

మొలకలకి కెటిల్ అక్కర్లేదు. గుప్పెడు పెసలు పొద్దున్నే కడిగి స్టీలు డబ్బాలో నీళ్లు పోసి నానబెట్టి క్లాసుకి వెళ్లు. సాయంత్రం వచ్చి నీళ్లు వంపి, ఒకసారి కడిగి, తడిపిన శుభ్రమైన నూలు గుడ్డలో మూటకట్టి అదే డబ్బాలో పెట్టు, మూత బిగించకు. మర్నాడు పొద్దునకి తెల్లటి మొలక వస్తుంది. చలికాలంలో ఇంకో పూట పట్టొచ్చు. తినే ముందు మెస్‌లోంచి తెచ్చుకున్న మరిగిన నీళ్లు వాటి మీద పోసి కొద్ది నిమిషాలుంచి వంపేయి. పచ్చి మొలకల్లో క్రిములు పెరిగే భయం ఉంటుంది గనక ఈ పని మానొద్దు. జిగురుగా ఉన్నా, పులిసిన వాసన వచ్చినా పారెయ్యి.

గుడ్డు దగ్గరికి వద్దాం. బుధవారం ఒక్కటే అన్నావు. చాలా మెస్‌లలో డబ్బు కడితే ఉడికించిన గుడ్డు విడిగా ఇస్తారు, ఎక్స్‌ట్రా కూపన్ అంటారు. మీ దగ్గర ఉందేమో కనుక్కో. ఒక్కసారి ఆర్డర్ పెట్టే ఫ్రైడ్ రైస్ డబ్బుతో డజనుకి పైగా గుడ్లు వస్తాయి. గుడ్డు కూర పులుసు నూనె తేలుతూ ఉంటే గుడ్డు మటుకు తీసి పప్పన్నంలో చిదిమి, పైన మిరియాల పొడి చల్లుకో. బాగుంటుంది. గుడ్డు తినని వాళ్లు ఇది చదువుతుంటే, మీరు పెరుగూ పల్లీలూ రెండింతలు చేసుకోండి, అంతే.

చపాతీ రాత్రులు చాలామంది మెస్ ఎగ్గొడతారు, ఎందుకంటే ఎనిమిదింటికే అవి అట్టముక్కల్లా అయిపోతాయి. ఈ విషయంలో నేర్పు ఏమీ లేదు, తొందరగా వెళ్లడమే. మెస్ తెరవగానే వెళ్తే వేడిగా దొరుకుతాయి. చిక్కటి పప్పు లోపల పరిచి, ఉల్లిపాయ ముక్కలు, మధ్యాహ్నం దాచిన నిమ్మచెక్క పిండి, చుట్టుకుని తిను. ఆ ఎర్రటి బఠాణీ కూర కంటే నయం.

పెరుగు నీళ్లగా ఉంటుందని నువ్వు రాయలేదు గానీ ఉంటుందని నాకు తెలుసు. గడ్డపెరుగు కావాలంటే లైన్లో ముందుండాలి, ఆలస్యమయ్యేకొద్దీ అది మజ్జిగ అవుతుంది. ఎలా ఉన్నా వదలకు. అరటిపండు ఇచ్చిన రోజున దాన్ని విడిగా తినకుండా పెరుగన్నంలో పిసికి తిను. మీ అమ్మమ్మ గారి ఇంట్లో అలా తినే ఉంటావు. హాస్టల్‌కి రాగానే ఇలాంటివి నామోషీ అనిపిస్తాయి, ఎందుకో మరి!

ఇక రాత్రి పదింటి ఆకలి. నూడుల్స్ తినేది అప్పుడే కదా. ప్యాకెట్ వెనక సోడియం అంకె ఒకసారి చదువు. రోజు మొత్తానికి మనకి 5 గ్రాముల ఉప్పు మించకూడదు, అంటే దాదాపు 2000 మిల్లీగ్రాముల సోడియం. ఆ అంకె పక్కన పెట్టి చూస్తే నీకే అర్థమవుతుంది. పరీక్షల రాత్రి ఎప్పుడో తింటే ఫరవాలేదు, అది భోజనానికి బదులు కాకూడదు. దాని చోట అటుకులు పెట్టు. పేపర్ అటుకులని పల్చటివి దొరుకుతాయి. ఒక్కసారి నీళ్లతో తడిపి పిండేసి, రాత్రి భోజనం దగ్గర తెచ్చుకున్న పెరుగు కలిపి, ఉప్పు, కాస్త ఊరగాయ వేసుకుంటే చాలు. పైన గుప్పెడు పల్లీలు. నిప్పు లేదు, వార్డెన్ భయం లేదు. తీపి కావాలనిపిస్తే పుట్నాలూ బెల్లం ముక్కా నములు. ఒక్క జాగ్రత్త: మెస్ అన్నం, గుడ్డు, చికెన్ గదికి తెచ్చి మర్నాటికి దాచకు. ఫ్రిజ్ లేని గదిలో అవి నిలవ ఉండవు.

మెస్ కమిటీ అంటూ మీకు ఒకటి ఉండే ఉంటుంది. అక్కడికి వెళ్లి ‘ఫుడ్ బాగోలేదు’ అంటే ఏ పనీ జరగదు, ఆ మాట వాళ్లు రోజూ వింటూనే ఉంటారు. ఖర్చు పెద్దగా పెరగనివి అడగండి. మధ్యాహ్నం బల్ల మీద తరిగిన ఉల్లిపాయ, నిమ్మచెక్కలు. టీ క్యాన్ టిఫిన్ దగ్గర కాకుండా సాయంత్రానికి. వారంలో ఒక రోజు బంగాళాదుంప వేపుడు తీసేసి ఆ డబ్బుతో పప్పు చిక్కగా. ఇది నాకు బాగా నచ్చే బేరం, ఎందుకంటే వేపుడు నూనె ఖర్చు తక్కువేం కాదు, కాంట్రాక్టరు కూడా ఆలోచిస్తాడు. నలుగురు కలిసి కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాట నిలవదు.

ఇంకోటి. ఇంతసేపూ సర్దుకోవడం గురించి చెప్పాను గనక అన్నిటికీ సర్దుకోమన్నట్టు అనుకోకు. అన్నంలో పురుగులు, పాచిపోయిన సాంబారు, మురికి నీళ్లు, భోజనం తర్వాత పదిమందికి ఒకేసారి వాంతులు కావడం, ఇవి నిమ్మకాయ పిండుకుని తినేవి కావు. 2006 నాటి ఆహార భద్రత చట్టం హాస్టల్ మెస్‌లకీ వర్తిస్తుంది. ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకుని ముందు వార్డెన్‌కి చెప్పండి, కదలిక లేకపోతే జిల్లా ఆహార భద్రత అధికారికి రాయండి. ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ అనే ప్రభుత్వ యాప్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.

ఆఖరికి మీ అమ్మగారు. ఆవిడ టెన్షన్ పడుతూ కూర్చోవడం కంటే ఒక పని అప్పజెప్పు. ఊరి నుంచి వచ్చే పార్శిల్లో సాధారణంగా ఏముంటాయో నాకు తెలుసు: ఆవకాయ, జంతికలు, మిక్చర్. పల్నాడు పిల్లవి, ఆవకాయ వద్దంటే నన్ను తిడతావు. ఉండనీ, కానీ అది ఊరగాయే, దాన్ని కూరగా చేసుకుని కంచం ముగించకు. ఈసారి జంతికల చోట సున్నుండలు అడుగు. మినప్పప్పు, బెల్లం, నెయ్యి, పొద్దున ఒకటి తిన్నా చాలు. వేయించిన పల్లీలు ఒక కిలో. కందిపొడి ఒక డబ్బా: కందిపప్పు ఎక్కువగా, శనగపప్పు, పెసరపప్పు కొద్దికొద్దిగా దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి కొట్టినది. ఉప్పు మాత్రం ఇంట్లో వేసేదాంట్లో సగమే వేయమను, మెస్ కూరల్లో ఎలాగూ ఎక్కువే ఉంటుంది. మెస్ పప్పు నిజంగానే నీళ్లయిన రోజున రెండు చెంచాల కందిపొడి అందులోనే కలిపేసెయ్యి, చిక్కబడుతుంది, రుచీ వస్తుంది. కూర తినలేని రోజున వేడన్నం, కందిపొడి, కాస్త నెయ్యి. నువ్వుల పొడీ కరివేపాకు పొడీ కూడా పంపితే కాదనకు.

పొడి డబ్బాలో తడి చెంచా పెట్టకు, వారంలో బూజు పడుతుంది. ఆ మాట రూమ్‌మేట్స్‌కి కూడా ముందే చెప్పు, ఎందుకంటే డబ్బా మూత తీసిన మొదటి రాత్రే వాళ్లంతా కంచాలతో వచ్చేస్తారు. అమ్మని రెండు డబ్బాలు పంపమను.